బెంట్లీ కాంటినెంటల్: పేరు కాదు, బాడీ మీద పడ్డ కష్టం

ఇంగ్లండ్ ఖరీదైన కార్ల కంపెనీ బెంట్లీ చేసే కాంటినెంటల్ జీటీ ప్రస్తావన వస్తే చాలు, మన కార్ల గ్రూపుల్లో ఎవరో ఒకరు "లోపలంతా ఫోక్స్‌వ్యాగనే కదా" అని తీసిపారేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాటలో అబద్ధం లేదు, కాకపోతే అలా చూస్తే 1952లో వచ్చిన మొదటి కాంటినెంటల్‌ని కూడా తీసిపారేయాలి, దాన్నేమో అదే జనం నెత్తిన పెట్టుకుంటారు.

బెంట్లీ కంపెనీ 1931 నుంచే రోల్స్ రాయిస్ చేతిలో ఉంది, యుద్ధం అయ్యాక ఇంగ్లండ్‌లోని క్రూ ఫ్యాక్టరీలో కార్లు తయారయ్యేవి. అందులో ఆర్-టైప్ అని పెద్దమనిషి తరహా స్టీల్ సెడాన్ ఒకటి ఉండేది. ఇవాన్ ఎవర్న్‌డెన్ అనే ఇంజినీరు, జాన్ బ్లాచ్లీ అనే డిజైనరు కలిసి దాని ఛాసిస్‌నే, అంటే బాడీ కింద ఉండే చట్రాన్నే, తీసుకున్నారు. ఆరు సిలిండర్ల 4.6 లీటర్ల ఇంజినూ అదే, కంప్రెషన్ కాస్త పెంచి, ఎగ్జాస్ట్ మార్చి, హైవే స్పీడుకి తగ్గట్టు గేర్లు సరిచేశారు, అంతే. అసలు కష్టమంతా బాడీ మీద పడ్డారు. ఇంగ్లండ్‌లోనే హక్నాల్ అనే ఊళ్లో రోల్స్ రాయిస్ వాళ్ల విమానాల విభాగంలో విండ్ టన్నెల్ (గాలిని జోరుగా వదిలి పరీక్షించే సొరంగం) ఉంటే, అందులో చిన్న నమూనా పెట్టి గాలి ఎలా జారుతోందో చూసి, వెనక్కి వాలిపోయే ఆ రూఫ్, వెనక చిన్న రెక్కలు తీర్చిదిద్దారు.

ఇక్కడ నాకు బాగా నచ్చే విషయం టైర్లది. గంటకి 185 కిలోమీటర్ల పైన అంత పెద్ద కారుని మోస్తూ ఎక్కువసేపు తట్టుకునే టైర్లు అప్పట్లో లేవు. ఇంజిన్ లాగుతుంది, రోడ్డు ఉంది, టైరు మాత్రం పేలిపోతుంది. కాబట్టి కారు బరువు సుమారు 1,700 కిలోలు దాటకూడదని గీత గీసుకున్నారు. బాడీ అల్యూమినియం, కిటికీ ఫ్రేములు అల్యూమినియం, బంపర్లూ సీట్ల ఫ్రేములూ కూడా అదే. నంబర్ ప్లేట్ మీది ఓఎల్‌జీ 490 వల్ల ఓల్గా అని పేరుపడ్డ ప్రోటోటైప్‌ని ప్యారిస్ దగ్గర మోంత్లేరీ ట్రాక్ మీద తిప్పితే ఐదు ల్యాపుల సగటు గంటకి 190 కిలోమీటర్లు దాటింది. నలుగురు కాళ్లు చాపుకుని కూర్చుని, డిక్కీ నిండా సామాను వేసుకుని పోయే కారులో! ఇంగ్లండ్‌లో మొదటి మోటార్‌వే ముక్క 1958లో గానీ తెరవలేదు, అందుకని దీని సత్తా తెలియాలంటే సముద్రం దాటి ఫ్రాన్స్ రోడ్లెక్కాల్సిందే. 1955 దాకా 208 కార్లు చేశారు, వాటిలో ఎక్కువ భాగానికి బాడీ కట్టింది హెచ్.జె. మలినర్ సంస్థ.

ఆ అల్యూమినియం మాట విశాఖలో ఉండేవాళ్లకి ఇంకాస్త బాగా అర్థమవుతుంది. ఉప్పుగాలికి మన కార్ల స్టీలు డోర్ల అడుగున తుప్పు ఎలా తినేస్తుందో తెలిసిందే, అల్యూమినియానికి ఆ బాధ లేదు. నా కారుకి ఆ తుప్పు పనే చేయించడానికి కంచరపాలెంలో ఒక డెంటింగ్ షాపులో కూర్చున్నప్పుడు, మేస్త్రీ గారికి ఫోన్‌లో రెండు ఫొటోలు చూపించాను, ఒకటి పాత ఆర్-టైప్ కాంటినెంటల్, రెండోది 2003 జీటీ. ఆయన చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, వెనక చక్రం మీద ఉబ్బెత్తుగా లేచే వంపు దగ్గర ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశారు. "ఈ రెండూ ఒక్కింటోళ్లే బాబూ. ఈ వంపు దగ్గర పుట్టీ పెట్టేమంటే ఎండలో ఇట్టే తెలిసిపోద్ది, రేకు రేకులాగే తేలాలి" అన్నారు. బ్రాండ్ పేరు కూడా అడగలేదాయన. నేను ఇంత పొడుగు పోస్టు రాసి చెప్పాలనుకున్నది అదే.

తర్వాతి కథలో కొంత భాగం త్వరగా చెప్పేయొచ్చు. 1955లో ఎస్ సిరీస్ కాంటినెంటల్, 1957లో నాలుగు డోర్ల ఫ్లయింగ్ స్పర్, 1959లో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్, 1965 నాటికి ఈ వరస ఆగిపోయింది. ఆ తర్వాత బెంట్లీలు చాలావరకు గ్రిల్లు మార్చిన రోల్స్ రాయిస్‌లే. 1984లో అయితే కార్నిష్ అనే కన్వర్టిబుల్‌కే కాంటినెంటల్ అని పేరు తగిలించారు. నా దృష్టిలో ఈ చరిత్రలో తలదించుకోవాల్సిన ఘట్టం అదొక్కటే, ప్లాట్‌ఫామ్ (బాడీ కింద ఉండే పునాది భాగాలు) ఎవరిదన్నది కాదు. ఉన్న బండికి పేరు మార్చారు తప్ప కొత్తగా గీసింది ఏమీ లేదు.

1991 జెనీవా షోలో కాంటినెంటల్ ఆర్ వచ్చేసరికి మళ్లీ ప్రాణం పోసుకుంది. 6.75 లీటర్ల టర్బో వీ8, జాన్ హెఫర్నన్, కెన్ గ్రీన్లీ గీసిన బాడీ. ఎస్ సిరీస్ కాంటినెంటల్ తర్వాత ఏ రోల్స్ రాయిస్‌కీ లేని సొంత బాడీ బెంట్లీకి దక్కడం అప్పుడే. డోర్ పై అంచు రూఫ్‌లోకి కోసుకుపోతుంది చూడండి, తలవంచకుండా దిగడానికి చేసిన ఏర్పాటది.

1998లో ఫోక్స్‌వ్యాగన్ బెంట్లీని కొనుక్కుంది, రోల్స్ రాయిస్ పేరు బీఎమ్‌డబ్ల్యూకి వెళ్లింది. అప్పటికి బెంట్లీ ఏడాదికి అమ్మేది సుమారు వెయ్యి కార్లు. 2003లో వచ్చిన కాంటినెంటల్ జీటీ ఆ లెక్కలన్నీ మార్చేసింది. అవును, ఛాసిస్‌లో ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల పెద్ద సెడాన్ ఫేటన్‌తో పంచుకున్నవి చాలా ఉన్నాయి. ఆరు లీటర్ల డబ్ల్యూ12 ఇంజిన్, రెండు టర్బోలు, నాలుగు చక్రాలకీ పవర్, గంటకి 318 కిలోమీటర్ల టాప్ స్పీడ్. సిలిండర్లు ఇరుకైన కోణంలో పక్కపక్కన సర్దడం వల్ల పన్నెండు సిలిండర్లున్నా ఇంజిన్ పొట్టిగా ఉంటుంది, అందుకే ముందు చక్రాలకి కూడా పవర్ పంపే అమరికకి చోటు దొరికింది. 2007లో ర్యాలీ చాంపియన్ యూహా కంకునెన్ ఇదే కారుని ఫిన్లాండ్‌లో గడ్డకట్టిన సముద్రం మీద గంటకి 321 కిలోమీటర్ల పైన తోలాడు. ఫేటన్‌ని పెట్టుకుని వెక్కిరించేవాళ్లు ఒక్కసారి ఆ వీడియో చూడండి.

2011 మోడల్ ముందు ఫెండర్లంటే (చక్రాల మీది రేకులు) నాకు ప్రత్యేకమైన ఇష్టం. అల్యూమినియం రేకుని 500 డిగ్రీల దాకా వేడి చేసి, గాలి ఒత్తిడితో అచ్చులోకి ఒత్తుతారు, ప్రెస్సులో సుత్తిదెబ్బలా కొడితే రాని పదునైన గీత అందులో వస్తుంది. మేస్త్రీ గారు అడిగిన రేకు పనితనం అంటే అదే కదా. 2018 తరంలో పోర్షే పనమెరాతో ప్లాట్‌ఫామ్ పంచుకున్నారు, ముందు చక్రాలు ముందుకి జరిగి బానెట్ పొడుగైంది, నిలబడ్డ తీరే మారిపోయింది. 2020కల్లా మొత్తం 80,000 జీటీలు తయారయ్యాయి.

2024లో డబ్ల్యూ12 తయారీ ఆపేశారు. దాని బదులు నాలుగు లీటర్ల వీ8కి ఎలక్ట్రిక్ మోటార్ జోడించి 782 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) పవర్ తెప్పించారు. ఒక్క ఛార్జ్‌తో పెట్రోల్ ముట్టకుండా 80 కిలోమీటర్ల దాకా పోతుంది, అంటే మన మద్దిలపాలెం నుంచి విజయనగరం నిశ్శబ్దంగా వెళ్లిపోవచ్చు. ఈ మార్పుకి నాకేం అభ్యంతరం లేదు. నా బాధల్లా బరువు గురించే. 1,700 కిలోలు దాటకూడదని సీటు ఫ్రేముల దాకా చెక్కుకుంటూ వచ్చిన కారు వారసుడు ఇవాళ 2,400 కిలోల పైమాటే. టైర్లు ఇప్పుడు తట్టుకుంటాయి, నిజమే, అందుకే ఎవరూ పట్టించుకోవడం లేదు. తర్వాతి తరానికైనా క్రూలో ఎవరో ఒక ఇంజినీరు మొదట బరువు రాసుకుని, ఆ తర్వాతే బొమ్మ గీయడం మొదలుపెట్టాలని నా కోరిక.