నెట్ జర్నలిజం పేపర్‌లో పత్రికా పదాలు: నేను చదివిన పద్ధతి

కాలేజీ అధ్యాపక ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో జర్నలిజం తీసుకున్నవాళ్లు చాలామంది కమ్యూనికేషన్ థియరీల మీద నెలలు పెడతారు. పత్రికా పదాల దగ్గరికొచ్చేసరికి ‘తెలిసినవేగా’ అని పేజీ తిప్పేస్తారు. రెండో పేపర్‌లో 100 ప్రశ్నలకు 200 మార్కులు. నెగెటివ్ లేదు కాబట్టి గుడ్డిగా పెట్టినా పోయేదేం లేదు. కానీ ‘జతపరచండి’ ప్రశ్నల్లో ఒక్క పదం తేడా కొట్టినా ఆ రెండు మార్కులూ పోతాయి.

గ్లాసరీ బట్టీ పట్టడం నాకు పడలేదు. ఆ రోజు పేపర్ ముందేసుకుని ఎర్రపెన్నుతో గుర్తులు పెట్టుకునేదాన్ని. వార్త మొదట్లో ఉండే ‘విజయవాడ, జులై 12’ డేట్‌లైన్. ఇప్పుడు చాలా పత్రికలు తేదీ తీసేసి ఊరి పేరుతో సరిపెడుతున్నాయి, అయినా దాన్ని డేట్‌లైన్ అనే అంటారు. రాసినవాళ్ల పేరు బైలైన్, ‘తరువాయి 7లో’ అన్నది జంప్ లైన్. మొదటి పేజీలో పత్రిక పేరుకు అటూ ఇటూ ఉండే డబ్బాలు ఇయర్ ప్యానెళ్లు, అవి ఎక్కువగా ప్రకటనలకే పోతాయి.

మాస్ట్‌హెడ్ దగ్గర మాత్రం జాగ్రత్త. మనం మొదటి పేజీలోని పత్రిక పేరునే అలా అంటాం. అమెరికన్ పుస్తకాల్లో దాన్ని నేమ్‌ప్లేట్ లేదా ఫ్లాగ్ అంటారు. వాళ్లకు మాస్ట్‌హెడ్ అంటే లోపలి పేజీలో యాజమాన్యం, సంపాదకుల వివరాలిచ్చే బాక్స్. ఆప్షన్లలో నేమ్‌ప్లేట్, మాస్ట్‌హెడ్ రెండూ విడివిడిగా కనిపిస్తే ఈ రెండో అర్థంలో అడుగుతున్నారని నేను తీసుకునేదాన్ని.

ఎవరూ చదవని ఇంప్రింట్ లైన్ కూడా చూడండి. ప్రింటర్, పబ్లిషర్, ఎడిటర్ ఎవరో, ఎక్కడ అచ్చయిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎడిటర్ పేరు దగ్గర ‘పీఆర్‌బీ చట్టం ప్రకారం వార్తల ఎంపికకు బాధ్యులు’ అన్న మాట చూసే ఉంటారు. ఆ చట్టం (ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్ యాక్ట్) 1867 నాటిది. దాని స్థానంలో తెచ్చిన 2023 చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పత్రికలను నమోదు చేసే ఆర్‌ఎన్‌ఐ (రిజిస్ట్రార్ ఆఫ్ న్యూస్‌పేపర్స్ ఫర్ ఇండియా) కాస్తా ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ అయింది. పాత మెటీరియల్‌తో చదివేవాళ్లు ఇది వెంటనే దిద్దుకోండి.

ఎంబార్గో, ఆఫ్ ద రికార్డ్ కలిపేయకండి. ఎంబార్గో ఉన్న వార్తను చెప్పిన సమయం దాటాక వేసుకోవచ్చు. రిపబ్లిక్ డే ముందురోజు రాష్ట్రపతి ప్రసంగం పత్రికలకు ముందే అందేది ఇలాగే. ఆఫ్ ద రికార్డ్ చెప్పింది అసలు వేయకూడదు. పేరు లేకుండా వేసుకోమంటే అది బ్యాక్‌గ్రౌండ్.

స్ట్రింగర్ అంటే మన మండల విలేకరిని గుర్తుతెచ్చుకోండి: నెల జీతం కాదు, అచ్చయిన వార్తను బట్టి డబ్బు. స్కూప్ (ఒక్క పత్రికకే ముందుగా దొరికిన వార్త), బీట్ (విలేకరికి అప్పగించిన రంగం), ఫాలోఅప్ (పాత వార్తకు కొనసాగింపు) లాంటివి ఒక్కసారి చూస్తే చాలు. ఆ టైమ్ పాత ప్రశ్నపత్రాలకు ఇవ్వండి, ముఖ్యంగా అసర్షన్-రీజన్ (ఒక వాక్యం, దానికో కారణం ఇచ్చి అవి సరైనవేనా అని అడిగే) ప్రశ్నలకు. టెన్షన్ పెట్టేవి అవే.