ఆరున్నర మీటింగ్

తాగుడు మానడానికి నేను వెళ్లే మీటింగ్ సంగతి చెప్పేముందు ఆస్పత్రి సంగతి కొంచెం చెప్పాలి. నాలా ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం అందరూ ఊహించేవే. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది. ఆ తర్వాత కొందరికి లేనివి కనిపిస్తాయి, తామెక్కడున్నారో కూడా తెలియదు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. నాకు ఫిట్స్ రాలేదు గానీ, గోడ నిండా చీమలున్నాయని మా ఆవిడతో గొడవపడ్డానట. వార్డులో ఉంచుకుని, మాత్రల మోతాదు మెల్లగా తగ్గిస్తూ, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఆ గండం గట్టెక్కించారు.

ఒళ్లు తేరుకున్నాక సాయంత్రాలు మిగిలాయి. ఆరు దాటితే కాళ్లు చెప్పులు వెతుక్కునేవి. టీవీ ముందు కూర్చున్నా, పిల్లల పక్కన కూర్చున్నా మనసు అక్కడ ఉండేది కాదు. డాక్టర్ గారు నాల్‌ట్రెక్సోన్ రాశారు. తాగాలన్న యావను తగ్గించే మాత్ర అది. రాసి ఊరుకోకుండా ఏఏ మీటింగులకు, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు వెళ్లమన్నారు. "మాత్ర వేసుకున్నా ఆ రెండు గంటలూ ఎక్కడో ఒకచోట గడపాలి కదండీ" అన్నారు. అంత సూటిగా చెప్పిన మాట నేను అప్పటిదాకా వినలేదు.

మీటింగుల జాబితా చూస్తే తల తిరిగింది. ఓపెన్, క్లోజ్డ్, స్పీకర్, స్టెప్, డిస్కషన్... ఏదో పరీక్షకు కట్టాల్సిన పేపర్లలా ఉన్నాయి. చివరికి ఏఏ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ఎత్తినాయన కూడా ఒకప్పుడు తాగినవాడే. నా పేరు అడగలేదు, ఎంత తాగేవాణ్నో అడగలేదు. "మీకు ఎన్నింటికి తాగాలనిపిస్తుంది?" అన్నాడు. ఆరున్నర అన్నాను. "అయితే ఆరున్నర మీటింగే వెతుకుదాం" అన్నాడు. ఓపెన్ మీటింగుకు ఇంట్లోవాళ్లతో సహా ఎవరైనా రావచ్చనీ, క్లోజ్డ్ మాత్రం తాగుడు మానాలనుకునేవాళ్ల కోసమేననీ చెప్పాడు. ఫీజు లేదు, ఫారం లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు, చేరినట్టే.

మొదట వెళ్లింది పెద్ద హాల్లో జరిగే స్పీకర్ మీటింగ్. ఒకాయన తన కథ బాగానే చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు, నేను ఎలా వెళ్లానో అలాగే తిరిగొచ్చాను. ఏఏ మనకు పడదని తేల్చేసుకునే చోటు అదే. హెల్ప్‌లైన్ ఆయన ముందే హెచ్చరించాడు కాబట్టి సరిపోయింది: ఒక్క గ్రూపు చూసి ఏమీ నిర్ణయించుకోవద్దు, నాలుగైదు చూడండి అని.

ఆ తర్వాత దొరికింది ఓ చిన్న క్లోజ్డ్ గ్రూపు. గుండ్రంగా కుర్చీలు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం. ఎవరు మాట్లాడినా మధ్యలో సలహాలివ్వకూడదు, తప్పుపట్టకూడదు. నా వంతు వచ్చినప్పుడు "ఈ రోజు వింటాను" అన్నాను, వంతు పక్కవాళ్లకు వెళ్లింది, అంతే. రిటైరైన మాస్టారొకాయన బాత్రూం ఫ్లష్ ట్యాంకులో సీసా ఎలా దాచేవాడో వివరంగా చెప్పాడు. ఆ తెలివి లోకంలో నా ఒక్కడిదే అనుకున్నాను! నవ్వొచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చాక బహుశా అదే మొదటి నవ్వు.

ఈ ఏఏ పుట్టిందే ఇలాంటి వెతుకులాట నుంచి. 1935లో న్యూయార్క్‌కు చెందిన బిల్ విల్సన్ వ్యాపారం పని మీద అమెరికాలోని ఏక్రన్ వెళ్లాడు. పని చెడింది, హోటల్ బార్ పిలుస్తోంది. అతను లాబీలోని ఫోన్ దగ్గరికెళ్లి, తనలాంటి ఇంకో తాగుబోతును ఎవరైనా చూపిస్తారేమోనని నంబర్లు తిప్పాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. బాబ్ ఆఖరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు.

దేవుడి ప్రస్తావన నాకు మొదట్లో ఇబ్బందిగానే ఉండేది. తాగుడు మానడానికి ఏఏ చెప్పే 12 మెట్లలో అది పదేపదే వస్తుంది, ఎవరికి అర్థమైన దేవుడు వారికని రాసున్నా సరే. నేను ఆ మాటలొచ్చినప్పుడు ఊరుకుంటాను, ఎవరూ ఏమీ అనలేదు. అస్సలు పడనివాళ్లకు 1994 నుంచి స్మార్ట్ రికవరీ అనే వేరే గ్రూపులు ఉన్నాయి, అక్కడ ఆలోచనల తీరు మార్చుకునే పద్ధతులు నేర్పుతారు. ఏఏ పనిచేస్తుందా అనే సందేహం నాకూ ఉండేది. 2020లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ అనే సంస్థ వాళ్లు 27 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషుల వివరాలను పరిశీలించారు. పూర్తిగా మానేసి ఉండటం విషయంలో, మనిషిని ఏఏలో పద్ధతిగా చేర్పించే చికిత్సలు మిగతావాటికన్నా మెరుగని తేల్చారు. వెళ్లడం మాత్రం మానకూడదు, అది మన చేతిలోది.

ఫ్లష్ ట్యాంకు మాస్టారే ఇప్పుడు నా స్పాన్సర్, అంటే ఏఏలో నాకు దారి చూపే పాత సభ్యుడు. తాగాలనిపిస్తే తాగాక కాదు, ముందే ఫోన్ చెయ్యమంటాడు. చేస్తే గంటలు గంటలు మాట్లాడడు, "తిన్నారా? నిద్రపోయారా? ఎవరిమీదైనా కోపంగా ఉన్నారా?" అని అడుగుతాడు. చాలాసార్లు వీటిలో ఏదో ఒకటి తేడాగానే ఉంటుంది.

మా ఆవిడ కూడా అల్-అనాన్‌కు వెళ్తోంది. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951 నుంచి నడుస్తున్న గ్రూపులవి. అక్కడ నా గురించి ఏం చెబుతుందని ఒకసారి అడిగాను. "మీ గురించి కాదు, నా గురించి చెప్పుకుంటాను" అంది. నిజమో కాదో నాకు తెలీదు. మళ్లీ అడగలేదు.