నక్షల బల్ల, నీళ్ల మూల: మా ఆఫీసులో ఒక విశ్రాంతి స్థలం పనుల చిట్టా

జనవరి, సంక్రాంతి తర్వాత

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ దగ్గర ఒక అద్దె భవనం రెండో అంతస్తులో మా ఆఫీసు. భూముల సర్వే, కాలువల డ్రాయింగులు మా పని. నేను డ్రాయింగు విభాగంలో ఉంటాను. సెలవు రోజుల్లో చెక్కపని చేయడం నాకు చాలా ఇష్టం. మెట్లు ఎక్కగానే ఎడమ పక్కన పదహారడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పున్న స్థలంలో ఇన్నాళ్లూ పాత ఫైళ్ల బీరువాలు ఉండేవి. అవి రికార్డు గదికి వెళ్లిపోయాయి. అక్కడ అందరూ టీ తాగుతూ కూర్చుని మాట్లాడుకునే చోటు తయారుచేస్తానని అడిగాను. సామాను ఖర్చు ఆఫీసుది, పని నాది అన్న మాట మీద ఒప్పుకున్నారు.

రెండు సోఫాలు, ఒక గాజు టీపాయ్ వేస్తే సరిపోతుందన్నారు కొందరు. అలాంటి మూలలు చాలా ఆఫీసుల్లో చూశాను; వచ్చినవాళ్లను కూర్చోబెట్టడానికి తప్ప సిబ్బందికి పనికిరావు. అందుకే కాగితం మీద గీత గీసే ముందు, మావాళ్లు ఇప్పటికే ఎక్కడ ఆగుతున్నారో గమనించాను. మంచినీళ్ల దగ్గర ఆగుతున్నారు. పెద్ద నక్షలు ముద్రించే ప్లాటర్ దగ్గర, షీటు బయటికి వచ్చేదాకా నిలబడుతున్నారు. అసలైన పని మాటలన్నీ అక్కడే నడుస్తున్నాయి. దేవరకొండ వైపు నుంచి వచ్చిన సర్వేయరు, ఆ నక్ష గీసినవాడు ఇద్దరూ షీటు మీద వేలు పెట్టి, టిప్పన్‌లో (పాత సర్వే కొలతల చిత్తులో) ఉన్న కొలతకీ పొలంలో వచ్చిన కొలతకీ తేడా ఎక్కడుందో నిలబడ్డ చోటే తేల్చుకుంటున్నారు. అదే సంగతి ఫోనులో చెప్పుకుంటే పూటంతా పడుతుంది.

కాబట్టి మొదటి నిర్ణయం: నీళ్లూ, ప్లాటరూ రెండూ ఈ కొత్త చోటికే రావాలి. అక్కడికి వెళ్లడానికి ప్రతి ఒక్కరికీ ఒక పని ఉండాలి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో థామస్ అలెన్ అనే పరిశోధకుడు 1970లలో ఇంజినీర్ల మధ్య సంభాషణలను కొలిచి చూశాడు. సీట్ల మధ్య దూరం పెరిగే కొద్దీ మాటలు వేగంగా తగ్గిపోతాయనీ, యాభై మీటర్లు దాటితే చాలా అరుదవుతాయనీ తేల్చాడు. మా హాలు అంత పొడవు లేదు, కానీ ఫీల్డు బృందం కింది అంతస్తులో కూర్చుంటుంది. మధ్యలో మెట్లున్నాయి. ఆ మెట్ల తల దగ్గరే ఈ స్థలం ఉండటం మా అదృష్టం.

ఫిబ్రవరి

పడమటి గోడ వెంట అరుగు ఉండాలని మొదటి నుంచీ నా కోరిక. ఊళ్లో ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నవాడిని పని మీద వచ్చావా, ఊరికే వచ్చావా అని ఎవరూ అడగరు. ఒకరు ఉన్నా నిండుగానే ఉంటుంది, ఇంకో నలుగురు వస్తే జరిగి చోటిస్తారు. కుర్చీలకు ఆ గుణం లేదు.

మేస్త్రీ ఇటుకతో కడతానన్నాడు. లెక్క వేశాను. ఇటుక కట్టుబడి ఘనపు మీటరుకు దాదాపు 1,900 కిలోలు తూగుతుంది. 45 సెంటీమీటర్ల ఎత్తు అరుగును నిండుగా కడితే చదరపు మీటరు మీద 850 కిలోలు పడుతుంది. భవనాల మీద పడే బరువులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఆఫీసు స్లాబును చదరపు మీటరుకు సుమారు 250 నుంచి 400 కిలోల వాడుక బరువుకు (మనుషులు, సామాను) లెక్కిస్తారు, నివాస గదులను 200 కిలోలకే. మా భవనం మొదట ఇల్లుగా కట్టిందే. పై అంతస్తులో ఇటుక అరుగు కట్టాలనుకునేవారు ఈ లెక్క తప్పకుండా చూసుకోవాలి.

అందుకని ఇనుప చట్రం మీద తాండూరు బండ పరిచాను. 40 మిల్లీమీటర్ల చదరపు పైపుతో చట్రం, దాని మీద అంగుళం మందం బండ. ఈ రాయి చదరపు మీటరుకు అరవై అయిదు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. బండ నేల మీద ఎంత గట్టిదైనా గాలిలో నిలిపితే వంపుకు విరుగుతుంది కాబట్టి, అడుగున్నరకు ఒక అడ్డ పైపు వెల్డింగు చేయించాను. రాయికీ ఇనుముకీ మధ్య రబ్బరు ముక్కలు పెట్టాను. లేకపోతే కూర్చున్నప్పుడల్లా టకటక చప్పుడు వస్తుంది. కాళ్ల కింద అరచేయంత రేకు పలకలు వేయించాను. మొత్తం పన్నెండడుగుల పొడవును నాలుగేసి అడుగుల మూడు ముక్కలుగా చేశాను. ఒక్కో బండ ముప్పై ఆరు కిలోల లోపు ఉంటుంది, ఇద్దరు మెట్ల మీదుగా మోయగలరు. అద్దె ఇల్లు ఖాళీ చేసినా అరుగు మనతోనే వస్తుంది.

కూర్చునే ఎత్తు బండతో కలిపి 45 సెంటీమీటర్లు, లోతు కూడా అంతే. వేసవి మధ్యాహ్నం పొలాల నుంచి వచ్చినవాళ్లకు ఆ చల్లని రాయి కన్నా మంచి ఆసనం లేదు.

టీ కౌంటరుకు మాత్రం తాండూరు బండ వద్దనుకున్నాను. అది సున్నపురాయి; నిమ్మరసం, చింతపండు పులుసు పడితే నునుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. నల్ల గ్రానైటుకు ఆ బాధ లేదు. కౌంటరు ఎత్తు నేను 90 సెంటీమీటర్లు గీశాను. మాకు టీ పెట్టే అమ్మ కాగితం చూసి, గోడ దగ్గర నిలబడి మోచేయి మడిచి చూపించింది. “ఇంత ఎత్తుంటే గిన్నె వంచేటప్పుడు భుజం లేస్తది బిడ్డా” అంది. 82కి తగ్గించాను. రోజూ అక్కడ నిలబడేది ఆమే, కొలత ఆమెదే కావాలి.

కెటిల్ 2,000 వాట్లది. అంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు. దాన్ని ప్లాటర్ ఉన్న లైనుకు తగిలించకుండా ఎలక్ట్రీషియన్ చేత విడిగా ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆపే స్విచ్చు), 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించాను.

మార్చి మొదట్లో

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం: బల్ల. మేం పరిచే షీట్లలో పెద్దది ఏ0, అంటే 119 సెంటీమీటర్ల పొడవు, 84 సెంటీమీటర్ల వెడల్పు. బల్ల పైభాగం 122కి 90 ఉంటే షీటు పూర్తిగా పరుచుకుంటుంది, అంచుల్లో పేపర్ వెయిట్లకు కొంచెం చోటు మిగులుతుంది. ఎనిమిదికి నాలుగడుగుల ప్లైవుడ్ షీటులో ఇలాంటివి సరిగ్గా రెండు వస్తాయి. మిగిలిన అరవై సెంటీమీటర్ల పట్టీ చుట్టిన నక్షలు పెట్టే అరకు సరిపోయింది. 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, అంచులకు టేకు పట్టీ, పైన మెరుపు లేని లామినేట్. మెరిసే లామినేట్ వేస్తే దీపం ప్రతిబింబం కళ్లలో పడి సన్న గీతలు కనపడవు.

ఒక బల్ల కూర్చునేది, 75 సెంటీమీటర్ల ఎత్తు. రెండోది నిలబడేది, 105. నిలబడే బల్లను గోడకు ఆనించకుండా, చుట్టూ 90 సెంటీమీటర్ల దారి వదిలి నడిమధ్యలో పెట్టాను. నక్షకు నాలుగు దిక్కులుంటాయి. ఒక వైపు నుంచే చూడగలిగితే మిగతావాళ్లు మెడ తిప్పుకోవాలి. నేలకు పదిహేను సెంటీమీటర్ల పైన కాలు ఆనించే పైపు కూడా పెట్టాను. నిలబడిన చోటే అయిదు నిమిషాల మాట ముగించుకుని వెళ్లిపోవచ్చు. కూర్చున్నామంటే అది మీటింగు అయిపోతుంది.

కుర్చీలు తేలికైనవే తీసుకున్నాను. న్యూయార్క్ కూడళ్లలో మనుషుల కదలికలను గమనించిన విలియం వైట్, కుర్చీ కదిలేదైతే కూర్చునే ముందు అవసరం లేకపోయినా దాన్ని కాస్త జరుపుకుంటారని గుర్తించాడు. మా దగ్గరా అంతే జరుగుతోంది, చూడటానికి భలే సంతోషంగా ఉంటుంది.

మార్చి చివర

నలుగురు మాట్లాడుకుంటే పక్క హాల్లో లెక్కలు చూసుకునేవాళ్లకు ఇబ్బంది. రాతి అరుగు, టైల్స్ నేల, సున్నం గోడలు అన్నీ శబ్దాన్ని వెనక్కి కొట్టేవే. ఖాళీ స్థలంలో చప్పట్లు కొడితే కంగుమని సాగేది.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చెక్క చట్రాలు చేసి, వాటిలో 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాయి కరిగించి తీసిన ఉన్ని) నింపాను. పత్తి మన జిల్లాలోనే బోలెడు దొరుకుతుంది, కానీ నిప్పుకు అది పనికిరాదు, రాక్‌వూల్ మండదు. దాని నూగు చర్మానికి గుచ్చుకుంటుంది కాబట్టి చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. ముందు పలుచని గుడ్డతో మూసి, ఆ పైన నూలు బట్ట బిగించాలి. బట్టను నోటి దగ్గర పెట్టుకుని ఊదండి, గాలి అవతలికి పోతే శబ్దమూ లోపలికి పోతుంది. రెక్సిన్ వేస్తే శ్రమంతా వృథా. గోడకూ చట్రానికీ మధ్య రెండంగుళాల ఖాళీ వదిలాను, దానివల్ల మంద్రమైన గొంతులు కూడా కొంత అణుగుతాయి.

హాలు వైపు తెరకు పోచంపల్లి ఇక్కత్ నూలు బట్ట తెచ్చాను. నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులద్దుతారు కనుక డిజైను బట్టకు రెండు వైపులా కనపడుతుంది. హాల్లోవాళ్లకూ ఇవతలివాళ్లకూ ముందు వైపే. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నేతను ఆఫీసులో రోజూ చూసుకోవడం నాకు గర్వంగా ఉంది. తెర శబ్దాన్ని ఆపలేదు, కాస్త పీల్చుకుంటుందంతే. అది ఆపేది చూపును. ఎవరో లేచి వెళ్తున్నారని తల తిప్పడం తగ్గింది.

ఏప్రిల్

పడమటి కిటికీ గుండా మూడు గంటల ఎండ నేరుగా అరుగు మీద పడుతోంది. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. అందుకే బయట చట్రం బిగించి వట్టివేళ్ల తడిక కట్టాం. మధ్యాహ్నం రెండుసార్లు తడిపితే గాలి చల్లగా, కమ్మగా వస్తోంది.

నీళ్ల సంగతి నల్లగొండలో తేలిగ్గా తీసుకునేది కాదు. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగాం. తాగునీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే దారి లేనప్పుడు కూడా 1.5 దాటకూడదనీ భారతీయ ప్రమాణం చెబుతుంది. భవనం బోరు నీళ్లను చేతులు, కాళ్లు కడుక్కునే కొళాయికే ఇచ్చి, ఆ కొళాయికి ఎర్ర రంగు వేశాను. తాగడానికి కృష్ణా నీళ్ల లైను, ఆర్వో ఫిల్టరు. అక్కడి నుంచి నీళ్లు రంజన్‌లోకి, అంటే మట్టి కుండలోకి వస్తాయి. రంజన్ నీళ్లను చల్లబరుస్తుంది గానీ ఫ్లోరైడ్‌ను తీయదు. ఈ మాట కొత్తగా చేరినవాళ్లకు చెప్పి తీరాలి. రంజన్ కింద మూడు కాళ్ల స్టాండు పెట్టి నాలుగు వైపులా గాలి ఆడేలా వదిలాను. నీరు ఆవిరైతేనే కదా కుండ చల్లబడేది.

మే

స్థలం తయారైనా మొదట్లో ఎక్కువమంది నీళ్లు తాగి వెళ్లిపోయేవారు. ఒక పెద్ద వయసు సర్వేయరును అడిగితే, “ఇక్కడ కూర్చుంటే పని లేదనుకుంటారేమో సార్” అన్నారు. మేనేజరు గది తలుపు నేరుగా అరుగుకు ఎదురుగా ఉంది. తలుపు మార్చలేం. మేనేజరు గారికి ఈ మాట చెప్పాను. మరునాటి నుంచి ఆయనే పదకొండు గంటల టీ అరుగు మీద కూర్చుని తాగుతున్నారు. అప్పటి నుంచి అరుగు నిండుతోంది. నేను ఎన్ని పైపులు కోసినా రాని ఫలితం అది.

నిలబడే బల్ల మీద రోజంతా ఏదో ఒక నక్ష పరిచి ఉంటోంది. పైన 4,000 కెల్విన్ దీపం, తెల్లటి ఛాయది, వేశాను, రంగు గీతలు స్పష్టంగా కనపడతాయి. అరుగు మీద మాత్రం 3,000 కెల్విన్, పసుపు ఛాయ.

వానలు పడేలోపు తడిక విప్పి ఆరబెట్టి చుట్టాలి, లేకపోతే బూజు పడుతుంది. మెట్ల పక్కన బురద బూట్లకు రేకు ట్రేతో ఒక స్టాండు గీసి పెట్టాను. పైపు ముక్కలు మిగిలినవే సరిపోతాయి. పునాస పనులకు ముందు సర్వే బృందాలు ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి, జూన్ మొదటి వారానికి అది పూర్తి కావాలి.