వేరుగా పెట్టిన కంచం

నాకు క్షయ వచ్చి తగ్గిందని ఇప్పుడు ఎవరడిగినా దాచకుండా చెబుతున్నాను. నిరుడు మా ఇంట్లో ఆ మాటను గొంతు తగ్గించి మాత్రమే పలికేవారు. వారాల తరబడి వదలని దగ్గుకు మొదట చూపించుకున్న క్లినిక్‌లో సిరప్పులు మార్చి మార్చి రాశారే తప్ప తెమడ పరీక్ష చేయించమని ఎవరూ చెప్పలేదు. చివరకు ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష, ఎక్స్‌రే, ఆరు నెలల ఉచిత మందులు, అన్నీ చకచకా జరిగిపోయాయి.

మరచిపోలేనిది మాత్రం ఒక రాత్రి. మందులు మొదలుపెట్టిన కొత్తలో దగ్గుతెర ఆగక పెరట్లోకి వెళ్ళి ఉమ్మితే నెత్తురు పడింది. చెంబుతో నీళ్ళు పోసి కడిగేలోపే మళ్ళీ పడింది. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, ఏడవకుండా, ఏడుకొండలవాణ్ణి తలచుకుంటూ తెల్లవారేదాకా కూర్చుంది. ఉదయాన్నే ఆసుపత్రికి వెళితే, విసుక్కోకుండా అన్నీ వివరించి ధైర్యం చెప్పిన ఆ యువ డాక్టరుకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఆ వారమే మా మేనత్త చూడటానికి వచ్చి, నేను పక్క గదిలో ఉండగానే, "వదినా, దాని కంచం, గ్లాసు వేరుగా పెట్టు. పెళ్ళి కావలసిన చిన్నపిల్ల ఉన్న ఇల్లు, ఈ మాట వీధిలోకి పోనివ్వకు" అంది. క్షయ దగ్గు తుంపరలతో గాలి ద్వారా అంటుకుంటుంది గాని కంచాలతో కాదు. పైగా మందులు సరిగా వేసుకుంటే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఆ తరువాత ఆవిడే వేరుశనగలు, గుడ్లు తప్పకుండా పంపుతూ వచ్చింది. అయినా ఆ మాట మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

పరగడుపున మాత్రలు వేసుకుని టిఫిను దాకా ఆగవలసిన ఆ కాసేపూ అమ్మ, నేను అరుగు మీద కూర్చునేవాళ్ళం. బడి, ట్యూషన్లు అంటూ పరుగెత్తిన ఇన్నేళ్ళలో అమ్మతో అలా తీరికగా మాట్లాడింది లేదు. తన తండ్రి ఒకప్పుడు మా మదనపల్లె పక్కనే క్షయ రోగులను ఉంచి చూసిన ఆరోగ్యవరం శానిటోరియంలో ఉండి వచ్చాడనీ, నయమై వచ్చాక కూడా ఆయన కంచం ఇంట్లో వేరుగానే ఉండేదనీ అమ్మ అక్కడే చెప్పింది. చెప్పిన రోజే నా కంచాన్ని తెచ్చి అందరి కంచాల మధ్య పెట్టింది. మందులు పూర్తయినా ఆ పొద్దుటి కాసేపటిని నేను వదులుకోలేదు; దానికోసమే ఉదయం ట్యూషను మానేశాను.

మొన్న మా వెనక వీధి మేస్త్రి, దగ్గు తగ్గింది కదా అని రెండు నెలలకే మందులు ఆపేస్తే, ఆశా కార్యకర్త నన్ను వెంటబెట్టుకు వెళ్ళింది. ఆయన భార్య, "నీకూ వచ్చిందా అమ్మా?" అని నమ్మలేనట్టు అడిగింది. వచ్చిందనీ, మధ్యలో మానేస్తే క్రిమి మందులకు లొంగకుండా మొండికేస్తుందనీ, నిక్షయ్ పోషణ పథకం కింద నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయనీ చెప్పాను. మరుసటి సోమవారం ఆయన ఆసుపత్రికి వెళ్ళి మందులు తెచ్చుకున్నాడు.