దుబాయికి పోలేను, కథ కొనుక్కోలేను

మా వైపు విదేశం అంటే రెండే. చదువులు, భూములు ఉన్న ఇళ్ల పిల్లలకు అమెరికా, లేని ఇళ్ల పిల్లలకు దుబాయి. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు ఏ ఊరికి పోయినా గల్ఫ్‌లో ఉన్నవాళ్లో, అక్కడి నుంచి అప్పుతో తిరిగొచ్చినవాళ్లో కనిపిస్తారు. నేను ట్రాన్స్ అమ్మాయిని. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను, నైట్ డ్యూటీలే ఎక్కువ. "నువ్వెందుకు బయటి దేశం పోవు? అక్కడ మీవాళ్లకు మంచిగుంటదట కదా" అని పేషెంట్ల వెంట వచ్చినవాళ్ల నుంచి మా మేనమామ దాకా అందరూ అడుగుతారు. ఎట్లా పోవాలో చెప్పినవాళ్లు మాత్రం తక్కువ.

మొదట దారి చూపింది మా బావ. దుబాయిలో డ్రైవర్‌గా చాలా ఏళ్లు చేశాడు. "వీసా నేను తీపిస్త. జుట్టు కత్తిరించుకుని రా, రెండేండ్లు ఎవరికీ తెల్వకుండ ఉండు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ గల్ఫ్ వీసా అంటే ముందు మెడికల్. హార్మోన్లు వాడుతున్న ఒంటితో, మగ పేరుతో డాక్టర్ ముందు నిలబడాలి. అది గట్టెక్కినా క్యాంపులో బంకు మంచాల గది, నిండా మగవాళ్లు. మగవాడు ఆడవేషంలో ఆడవాళ్లకు కేటాయించిన చోటికి పోతే యూఏఈ చట్టం ప్రకారం నేరం. కువైట్ 2007లో ఏకంగా అవతలి లింగంవాళ్లను అనుకరించడమే నేరం అంది. 2022లో అక్కడి రాజ్యాంగ కోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది, సంతోషమే. నా టెన్షన్ మాత్రం తగ్గలేదు. బావకు ఇవన్నీ చెప్పలేదు, జుట్టు కత్తిరించనని మాత్రం చెప్పాను.

తర్వాత అసైలం, అంటే సొంత దేశంలో బతకడం భయమని ఇంకో దేశాన్ని శరణు అడగడం. ఈ మాట మావాళ్లలో ఇప్పుడు బాగా తిరుగుతోంది. కరీంనగర్‌లో ఒక ఏజెంట్ దగ్గరికి పోయాను. "విజిట్ వీసా మీద కెనడా పంపిస్తం. దిగినంక అసైలం వేస్తరు. కథ మేమే రాసిస్తం" అన్నాడు. పన్నెండు లక్షలు. ఇంతకుముందు ఎవరికో రాసిన కథ ఒకటి పేరు కొట్టేసి చూపించాడు. అందులో ఊరి పెద్దలు చెట్టుకు కట్టేసి కొట్టారు. "నన్ను ఎవరూ చెట్టుకు కట్టెయ్యలేదన్నా" అన్నాను. "ఇప్పుడు కట్టేస్తరు, కాగితం మీద" అని నవ్వాడు.

నాకు నిజంగా జరిగినవి చెప్పాను. బాపు నాతో మాట్లాడటం మానేసిన కాలం, ఆధార్ చూసి అడ్వాన్స్ తిరిగిచ్చేసిన ఇంటి ఓనరు, కాజీపేట ప్లాట్‌ఫారం మీద చెయ్యి పట్టుకుని లాగినవాడు, చుట్టూ నిలబడి చూసినవాళ్లు. అవి చాలవట. చిన్నవట.

ఆ రోజు నుంచి నేనే చదవడం మొదలుపెట్టాను. 1951 నాటి శరణార్థుల ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక సామాజిక వర్గానికి చెందడం, వీటిలో దేనివల్లనైనా ప్రాణభయమో వేధింపుల భయమో ఉంటే శరణు అడగవచ్చు. ట్రాన్స్ మనుషులం ఆ చివరి మాట కిందికి వస్తాం. అయితే హైదరాబాద్‌లో కాన్సులేట్ గేటు దగ్గర నిలబడి అడిగితే కుదరదు, ఆ దేశం నేల మీదో సరిహద్దులోనో ఉండి అడగాలి. అక్కడికి చేరాలంటే విజిట్ వీసా కావాలి. ఆ వీసా కోసం తప్పకుండా తిరిగొస్తానని చెప్పాలి. అంటే మొదటి మాటే అబద్ధం. అమెరికాలో అయితే మామూలుగా దిగిన ఏడాదిలోపే దరఖాస్తు పెట్టాలి. అమెరికా మాట ఎందుకులెండి. 2025 జనవరిలో ట్రంప్ రెండోసారి గద్దెనెక్కిన రోజే ఆడ, మగ రెండే అని ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. అదే నెలలో విదేశీ సాయం ఆగి, హైదరాబాద్‌లో ట్రాన్స్ మనుషుల కోసం మావాళ్లే నడిపిన మిత్ర్ క్లినిక్ మూతపడింది. నేను అమెరికా పోకముందే అమెరికా మా దగ్గరికి వచ్చి పోయింది.

మన దేశం నుంచి పోయినవాళ్లకు ఎదురయ్యే పెద్ద ప్రశ్న ఇంకొకటి. మీ ఊర్లో భయమైతే ఢిల్లీకో ముంబయికో పోయి బతకవచ్చు కదా అంటారు. మమ్మల్ని మూడో లింగంగా గుర్తించిన 2014 నల్సా తీర్పు, స్వలింగ సంబంధాలు నేరం కాదన్న 2018 నాటి సెక్షన్ 377 తీర్పు, ట్రాన్స్ మనుషుల హక్కుల 2019 చట్టం, అన్నీ ముందు పెట్టి, మీ దేశం మిమ్మల్ని కాపాడుతోంది కదా అంటారు. చీర కట్టుకుని రోడ్డు మీద కనిపిస్తే హిజ్రాలను వారంట్ లేకుండా పట్టుకోవచ్చన్న నిజాం కాలపు 1919 చట్టాన్ని మన తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. ఆ వార్త చూసి డ్యూటీ రూములో గంతులేశాను నేను. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు చేరినప్పుడు, 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసుల్లో మావాళ్లను తీసుకున్నప్పుడు వాట్సాప్ స్టేటస్ పెట్టాను. అసైలం ఫైలులో ఇవన్నీ మనకు ఎదురు సాక్ష్యాలే.

నా నేస్తం ఒకామె ఇప్పుడు కెనడాలో ఉంది, అసైలం కేసు వేసింది. ఆమెది కొన్న కథ కాదు. సొంత అన్నదమ్ములే రెండు ఊర్లు మారినా వెతుక్కుంటూ వచ్చారు, నేను కళ్లారా చూశాను. ఒక రాత్రి ఫోన్ చేసి, ఫేస్‌బుక్‌లో ఉన్న వేములవాడ ఫొటో తీసేయనా అని అడిగింది. శ్రీరామనవమి నాడు రాజన్న గుడి దగ్గర మావాళ్లు, జోగినులు శివుణ్ణి పెళ్లాడతారు. నెత్తిన తలంబ్రాలు, చేతిలో త్రిశూలం, మెడలో పూలదండ, ఆ ఫొటోలో ఆమె పండ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. పక్కన నేను కూడా ఉన్నాను. ఇంత సంతోషంగా ఉన్నదానివి ఎందుకు పారిపోయి వచ్చావని అడుగుతారేమోనని ఆమె భయం. లాయర్‌ను అడగకుండా ఏమీ తీసేయకు అన్నాను. ఆ రాత్రి నాకు డ్యూటీలో మనసు పట్టలేదు. అన్నలు కొట్టింది నిజం, తలంబ్రాలు పడ్డ రోజు నవ్వింది నిజం. కానీ అక్కడ ఒకటి చెబితే రెండోది దాచాల్సిన భయం. ఆమెకు వేరే దారి లేదు కాబట్టి ఆ భయం మోస్తోంది. నాకు ఉంది. నేను మోయదలచుకోలేదు.

నా దారి నర్సు పని. బయటి దేశాల ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీకి నర్సులను పంపుతున్నారు. ముందు బి1 స్థాయి దాకా జర్మన్ భాష నేర్వాలి, పూర్తి నర్సుగా గుర్తింపు రావడానికి దాని పై స్థాయి బి2. అక్కడ 2024 నవంబర్ నుంచి పేరు, లింగం నమోదు మార్చుకోవడానికి రిజిస్ట్రార్ దగ్గర ప్రకటన ఇస్తే చాలనే చట్టం వచ్చింది. బయటి దేశాలవాళ్లకు షరతులు ఉన్నాయి, అది తర్వాతి సంగతి. అక్కడి ముసలివాళ్లు నన్ను చూసి ఏమంటారో ఆలోచించకుండా లేను. ఇక్కడి ముసలివాళ్లు సెలైన్ ఎక్కించేదాకా ఏదో ఒకటి అంటారు, ఎక్కించాక "బిడ్డా" అంటారు.

అసలు చిక్కు కాగితాలే. కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్‌కు పోర్టల్‌లో పెట్టుకున్నాను, అఫిడవిట్ ఇచ్చాను, వచ్చింది. దానితో ఆధార్ మారింది. పదో తరగతి మెమో, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ పాత పేరు మీదే ఉన్నాయి. పాస్‌పోర్ట్‌లో ఒక పేరు, సర్టిఫికెట్లలో ఇంకో పేరు ఉంటే జర్మనీవాళ్లకు ఇద్దరు మనుషులు కనిపిస్తారు. పేపర్లో ప్రకటన, గెజిట్ కోసం చంచల్‌గూడ ప్రెస్, బోర్డు, కౌన్సిల్, ప్రతి కౌంటర్ దగ్గరా "ఇది ఎవరిది?" అనే ప్రశ్న. ఎవరైనా ఈ దారిలో పోవాలనుకుంటే భాష క్లాసుకు ఫీజు కట్టేముందే పేరు పని మొదలుపెట్టండి.

పోయిన వారం నా నేస్తం లాయర్ నా దగ్గర సాక్ష్యం లేఖ అడిగారు. అన్నలు వచ్చిన రాత్రి ఏం జరిగిందో రాశాను, ఎవరు ఏ తిట్టు తిట్టారో కూడా. వేములవాడ సంగతీ రాశాను. ఏటా అక్కడికి పోతామని, ఆ రోజు జనం మా కాళ్లు మొక్కుతారని, తెల్లారి అదే ఊర్లో గది అద్దెకు అడిగితే ఇవ్వరని. అది ఉంచాలా తీసేయాలా మీరే చూసుకోండి అని లాయర్‌కు మెయిల్ పెట్టాను. ఉంచుతున్నాం, ఆ ఫొటో కూడా జత చేస్తున్నాం అని జవాబు వచ్చింది.