పసుపు అక్షరాలు, పైన ఫోన్ నంబరు

యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవారికి సులువుగా ఉండేలా రూపుదిద్దే యూఎక్స్ డిజైనర్‌గా నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి పని, పూర్ణా మార్కెట్‌లో కిరాణా సరుకులు హోల్‌సేల్‌గా అమ్మే ఒక పెద్దాయనది. విశాఖలోని చిల్లర దుకాణాలవారు తమ ఫోన్ నుంచే ఆర్డరు పెట్టుకునే యాప్ ఆయనకు కావాలి. 6 వారాల్లో ముగియవలసిన ఆ పని 11 వారాలు సాగింది.

ఆయన రెండు విషయాల్లో పట్టుబట్టారు. కొట్టు బోర్డు రంగు పసుపు గనుక ధరలన్నీ తెల్లని స్క్రీన్‌పై పసుపు అక్షరాల్లో ఉండాలన్నారు. ప్రతి స్క్రీన్‌లోనూ పైన కొట్టు ఫోన్ నంబరు కనబడాలన్నారు. ఫోన్లు తగ్గించడానికే యాప్ కడుతున్నప్పుడు నంబరు ఎందుకని నేను వాదించి, దాన్ని తీసేశాను. మామూలు అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలని వెబ్‌లోని విషయం అందరికీ అందుబాటులో ఉండేందుకు రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుందని, తెలుపు మీద అచ్చమైన పసుపుకు అది సుమారు 1.07:1 మాత్రమేనని లెక్క చూపించాను. “ముప్పై ఏళ్లుగా ఈ కొట్టు నడుపుతున్నానమ్మా, నా ఖాతాదారులు నాకు తెలియరా?” అన్నారాయన. నా చదువును తక్కువ చేస్తున్నారని నొచ్చుకున్నానే తప్ప, ఆయనకు నిజంగానే ఏం తెలుసో అడగాలని నాకు తోచలేదు. ఆ తరువాత నేను ఏ మార్పు చేసి తీసుకెళ్లినా ఆయనకు కొత్త అభ్యంతరం కనిపించేది.

వాడేవారిలో ఐదుగురితో పరీక్షిస్తే వాడుకలోని లోపాల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని వాడుక సౌలభ్యంపై పరిశోధించే జాకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఒక్కొక్కరి వల్ల సగటున 31 శాతం లోపాలు తెలుస్తాయన్న అంచనా మీద వేసిన లెక్క అది, కాబట్టి అన్నిచోట్లా అంతే నిలుస్తుందని నేననను. అయినా ఐదుగురంటే మా ఇద్దరికీ సాధ్యమయ్యే సంఖ్య. ఆ ఐదుగురినీ ఆయననే ఎంచుకోమన్నాను. పక్కనే ఉండి, మాట మాత్రం సాయం చేయవద్దని కోరాను.

కంచరపాలెంలో మిట్టమధ్యాహ్నం, కొట్టు ముందు ఎండలో నిలబడి ఫోన్ చూస్తున్న దుకాణదారు “రేటు ఎక్కడ వేశారండీ?” అని అడిగారు. రేటు ఆయన బొటనవేలి పక్కనే, పసుపు రంగులో ఉంది. మా పెద్దాయన ఏమీ అనలేదు. నా లెక్క చెప్పలేకపోయినది ఆ ఎండ చెప్పింది. కాని అదే రోజు నా వాదన కూడా వీగిపోయింది. ఐదుగురిలో ముగ్గురు ఆర్డరు నొక్కే ముందు ఆగి, ఫోన్ నంబరు కోసం వెతికారు. పాత బాకీ సంగతి మాట్లాడకుండా కొత్త సరుకు అడగడం వారికి మర్యాద కాదు, ధైర్యమూ చాలదు. అరువు మీద నడిచే ఆ వ్యాపారంలో ఫోన్ నంబరుకున్న విలువ ఆయనకు మొదటి నుంచీ తెలుసు, కాకపోతే నాకు విడమరిచి చెప్పే అవసరం ఉందని ఆయన అనుకోలేదు. నంబరును తిరిగి పైన పెట్టాను, ఆర్డరు స్క్రీన్‌లో పాత బాకీ కూడా చూపించాను.

మార్పులు ఎన్నిసార్లు చేస్తానో ముందే కాగితం మీద రాసుకోవడం, సగం డబ్బు ముందుగా తీసుకోవడం, మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే తెలుగులో వాట్సాప్ చేయడం ఆ పని తరువాతే అలవాటయ్యాయి. రాసుకున్నదాన్ని కూడా కాదని, డబ్బు ఎగవేసి, అర్ధరాత్రి ఫోన్ చేసి కసిరేవారి దగ్గర ఏ ఓర్పూ పనిచేయదు. అటువంటి పనిని ఒకసారి మధ్యలోనే వదిలేశాను, అందుకు బాధ లేదు.

మిగిలినవారి విషయంలో కష్టమల్లా, వారి పట్టుదలలో ఏది ఇష్టమో ఏది అనుభవమో పోల్చుకోవడమే. అందుకే ఎవరైనా ఇది ఇలాగే ఉండాలని గట్టిగా అన్నప్పుడు, అలా లేకపోవడం వల్ల ఇబ్బంది పడిన కస్టమరు ఎవరో, అది ఎప్పుడో చెప్పమని అడుగుతున్నాను. గాజువాకలో ఒక మందుల దుకాణం యజమాని ఆ ప్రశ్నకు కాసేపు ఆలోచించి, గల్లాపెట్టె కింద నుంచి కస్టమర్లు తిరిగి ఇచ్చేసిన మందుల చిట్టా తీసి నా ముందు పెట్టారు. మేము పనిని ఆ చిట్టాతోనే మొదలుపెట్టాం.