కంచం చప్పుడుకి తిరిగాడు సరే, ఏ చెవితో విన్నాడు?

కంచం నేలకేసి కొడితే పిల్లాడు తిరిగి చూశాడు, ఇంక చెవి పరీక్ష ఎందుకని కోనసీమ ఇళ్లల్లో పెద్దవాళ్లు తేల్చేస్తుంటారు. నేల అదిరినా పిల్లాడు తిరుగుతాడు. వెనకనుంచి చప్పట్లు కొడితే గాలి తగిలో, గోడమీద నీడ కదిలో తిరుగుతాడు. పైగా ఒక చెవి బాగుంటే చాలు, రెండోది పూర్తిగా పోయినా ఇంట్లో తెలీదు. కన్నూ అంతే. అందుకే ఏ పరీక్షైనా ఒక్కో కంటికి, ఒక్కో చెవికి విడివిడిగా చెయ్యాలి.

పుట్టిన బిడ్డకు ఓఏఈ పరీక్ష చేస్తారు. చెవిలో చిన్న ప్రోబ్ పెడితే, శబ్దానికి లోపలి చెవి స్పందించిందో లేదో మిషన్ చూపిస్తుంది. నొప్పి ఉండదు. పాలు తాగి నిద్రపోయినప్పుడు చేస్తే సరిగ్గా వస్తుంది. మొదటి రోజు చెవిలో ఉమ్మనీరు, తెల్లటి జిడ్డు ఉండి ఫెయిల్ చూపించవచ్చు. కంగారుపడక మళ్లీ చేయించండి. అలాగని వదిలెయ్యడం మాత్రం తప్పు. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి మిషనో వేరే చికిత్సో మొదలవ్వాలి. ఎన్ఐసీయూలో (పసిబిడ్డల అత్యవసర వార్డులో) ఎక్కువ రోజులున్నా, పసిరికలు (కామెర్లు) ముదిరి రక్తం మార్చినా ఓఏఈ పాసవ్వడం చాలదు. అది నరాన్ని చూడదు, చెవి నుంచి మెదడుకి వెళ్లే నరం పనిచేస్తోందో లేదో చూసే బెరా పరీక్ష కావాలి. మేనరికం పెళ్లిళ్లున్న ఇళ్లల్లో పుట్టుచెవుడు ముప్పు ఎక్కువ, ఆ సంగతి దాచకుండా డాక్టరుకి చెప్పండి.

కాస్త పెద్ద పిల్లల్లో అసలు గొడవ జలుబు. వర్షాకాలమంతా చీమిడి ముక్కుతో తిరిగే పిల్లల చెవిలో కర్ణభేరి వెనక నీరు చేరి మాట మందంగా వినిపిస్తుంది. చెవి కారుతుంటే నూనె, బడ్స్ వద్దు, కాలవ ఈత అసలే వద్దు. శుభ్రమైన నూలు గుడ్డని వత్తిలా చేసి చెవిలో ఉంచి, తడిస్తే మార్చుతూ ఆరేదాకా తుడవాలి, రోజుకి కనీసం మూడుసార్లు. రెండు వారాలు దాటినా కారుతుంటే ఇంట్లో కూర్చోకండి.

కంటి చార్టు దగ్గర తప్పులు ఎక్కువ. మూడేళ్ల పిల్లకి అక్షరాలు రావు, ఇంగ్లీషు ‘ఈ’ ఆకారమున్న చార్టు వాడాలి. పిల్ల మూడు వేళ్లు చాపి కాళ్లు ఎటున్నాయో అటు చూపిస్తుంది. ముందు దగ్గరగా ఆటలా నేర్పాలి. దూరం 6 మీటర్లు, అంటే దాదాపు 20 అడుగులు. 6/6 అంటే మామూలు చూపు, 6/12 అంటే మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల నుంచే చదవగలగడం. గది చిన్నదని అదే చార్టుని 3 మీటర్లలో పెడితే 6/12 చూపున్న పిల్ల 6/6 గీత చదివేస్తుంది! గది చాలకపోతే 3 మీటర్ల చార్టు తెప్పించాలి. కొబ్బరి నీడ పడే వరండాలో మబ్బు రోజున పెడితే మంచి చూపున్న పిల్లలూ తప్పుతారు. గుమ్మం ఎదురుగా ప్లాస్టిక్ చార్టు మెరిసినా అంతే. కన్ను వేళ్లతో మూయిస్తే సందుల్లోంచి చూస్తారు, అరచెయ్యో కాగితం కప్పో అడ్డం పెట్టండి, కన్ను నొక్కకండి. వరసలో నిలబడ్డ పిల్లలు గీతలు బట్టీ పట్టేస్తారు, అది వాళ్ల తప్పు కాదు.

ఐదేళ్లు దాటిన పిల్ల 6/9 చదవకపోయినా, ఏ వయసులోనైనా రెండు కళ్ల మధ్య రెండు గీతల తేడా ఉన్నా కంటి డాక్టరు చూడాలి. ఫోన్ ఫ్లాష్ ఫొటోలో నల్లగుడ్డు మధ్య తెల్లగా మెరిస్తే ఆ వారమే వెళ్లాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్ని పరీక్షించే బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. ఆ రోజు పిల్లని పెళ్లికి తీసుకుపోకండి.

మందకన్ను (చూపు సరిగ్గా ఎదగని కన్ను) అని తేలితే అద్దాలు, బాగున్న కంటికి ప్యాచ్. ఎన్ని గంటలన్నది డాక్టరు చెప్తారు. మన ఉక్కపోతకి జిగురు ఊడుతుంది, అందుకని చెమట పూర్తిగా తుడిచి, పొడి చర్మం మీదే నేరుగా అంటించాలి. అద్దానికి గుడ్డ కడితే పిల్ల ముక్కు పక్క సందులోంచి మంచి కంటితోనే చూస్తుంది.